ఏ తప్పు ముందు దిద్దాలి?

నెల్లూరు జిల్లాలోని సంగం బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. దానివల్ల స్థిరపడే ఆయకట్టు 3.85 లక్షల ఎకరాలని ప్రభుత్వ లెక్క. ఇంత మాగాణిలో దిగుబడిని ముందే అంచనా వేసే మోడల్ ఒకటి తయారు చేయాలనుకుందాం. చేతికందేది పంట నమోదు జాబితా. చేత్తో ఎక్కించిన జాబితా అన్నాక తప్పులుంటాయి. రెండెకరాల పొలాన్ని సెంట్లలో చెబితే విస్తీర్ణం గడిలో 200 అని పడుతుంది. ఒకే వంగడం ఒకచోట నెల్లూరు మసూరిగా, మరోచోట ఎన్‌ఎల్‌ఆర్ 34449గా ఉంటుంది. ఒక్కో వరుస సరిచూడాలంటే మనిషి పొలం దాకా వెళ్లాలి, లేదంటే అడంగల్ తిరగేయాలి. కొన్ని దిద్దిన ప్రతిసారీ మోడల్‌ని మొదటి నుంచి నడిపితే కంప్యూటర్ ఖర్చు అదనం. అన్నీ దిద్దే స్థోమత లేదు. మరి ఏవి ముందు?

ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది యాక్టివ్‌క్లీన్. సంజయ్ కృష్ణన్, జియన్నన్ వాంగ్, యూజీన్ వూ, మైకేల్ ఫ్రాంక్లిన్, కెన్ గోల్డ్‌బర్గ్ 2016లో ప్రచురించిన పద్ధతి ఇది.

ముందు మనకు తెలిసిన ఒక వరుసక్రమం చూద్దాం. 2017 సెప్టెంబరులో మొదలైన తెలంగాణ భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములను పార్ట్-ఎలో, వివాదాలున్నవాటిని పార్ట్-బిలో పెట్టారు. తేలికైనవి ముందు, చిక్కువి తర్వాత. పాస్‌పుస్తకాలు ఇవ్వడానికి ఆ వరుస పనికొస్తుంది, ఎందుకంటే ఒక రైతు ఖాతా తేలకపోయినా పక్క రైతుకు పుస్తకం ఇవ్వవచ్చు. మోడల్ సంగతి అలా కాదు. అక్కడ వరుసలన్నీ కలిసి ఒకే జవాబు చెప్పాలి. కనుక సగం దిద్ది ఆపితే అసలు దిద్దకపోవడం కంటే ఎక్కువ నష్టం జరగవచ్చు.

ఎలాగంటే, మండలంలోని విస్తీర్ణాలన్నీ సెంట్లలోనే పడ్డాయనుకోండి. మోడల్ కొలమానం తప్పుతుందే కానీ పొలం పెరిగితే ధాన్యం పెరుగుతుందన్న దిశ తప్పదు. ఇప్పుడు కాలువ మొదట్లో ఉన్న ఊళ్లను మాత్రమే ఎకరాల్లోకి మార్చాం. నీళ్లు బాగా అందే ఆ ఊళ్లలో విస్తీర్ణం 2, 3, 5గా, దిగుబడి ఎక్కువ పుట్లుగా కనిపిస్తుంది. చివరి భూముల్లో విస్తీర్ణం 200, 300, 500గానే ఉండిపోయింది, ధాన్యం మాత్రం తక్కువ. రెంటినీ కలిపి గీత గీస్తే, పొలం పెరిగేకొద్దీ పంట తగ్గుతుందని తేలుతుంది! గణాంక శాస్త్రంలో సింప్సన్ వైరుధ్యం అనే చిక్కు ఇదే. యాక్టివ్‌క్లీన్ కర్తలు తమ వ్యాసం తొలి భాగంలోనే ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపారు.

వాళ్ల పరిష్కారం ఇలా నడుస్తుంది. తప్పుల జాబితాతోనే ముందు ఒక మోడల్ కడతారు. జాబితాలోని ప్రతి వరుసా ఆ మోడల్‌ని ఏదో ఒక దిక్కుకు కొంత లాగుతుంది. ఈ లాగుడు పేరు గ్రేడియంట్. దిద్దని వరుసల్లోంచి చిన్న నమూనా తీసి, దాన్ని మనిషి చేత దిద్దిస్తారు. ఇప్పటికే శుభ్రమైన వరుసల లాగుడును నేరుగా లెక్కిస్తారు. మిగిలినవాటి లాగుడును కొత్తగా దిద్దిన నమూనాను బట్టి అంచనా కడతారు. రెంటినీ వాటి వాటి సంఖ్యల నిష్పత్తిలో కలిపి మోడల్‌ని ఒక అడుగు జరుపుతారు. దిద్దని విలువకు ఈ అడుగులో చోటు లేదు, దాని తరఫున దిద్దిన నమూనా లెక్కకు వస్తుంది. మోడల్‌ని మళ్లీ మొదటి నుంచి కట్టే పని లేదు కాబట్టి కంప్యూటర్ ఖర్చూ కలిసొస్తుంది.

అసలు పనితనం నమూనా ఎంపికలో ఉంది. దిద్దితే మోడల్ ఎక్కువగా కదిలే వరుసలకే ఎంపికయ్యే అవకాశం ఎక్కువ ఇస్తారు. అలా ఏరుకుంటే పక్షపాతం రాదా? వస్తుంది. అందుకే, నాలుగు రెట్లు ఎక్కువ అవకాశం ఇచ్చిన వరుస లాగుడును లెక్కలో నాలుగో వంతుకు తగ్గిస్తారు. ఎక్కువ పిలిచినందుకు తక్కువ విలువ. దీంతో సగటు నిష్పాక్షికంగానే ఉంటుంది, దాని ఊగిసలాట మాత్రం తగ్గుతుంది. పంట కోత ప్రయోగాల్లో యాదృచ్ఛికంగా ఎంచిన పొలంలో చిన్న చదరం కోసి, దాన్నిబట్టి పెద్ద ప్రాంతపు దిగుబడిని అంచనా వేస్తారు. ఏ పొలానికి ఎంపికయ్యే అవకాశం ఎంతో తెలియడమే ఆ అంచనాకు బలం. ఇక్కడా అంతే.

ఇంకో ముడి ఉంది. ఒక వరుసను దిద్దితే మోడల్ ఎంత కదులుతుందో దిద్దకముందే తెలిసేదెలా? అంతకుముందు దిద్దినవాటిలో విలువలు ఏ మేరకు మారాయో చూసి, మిగిలినవాటికి అంచనా కడతారు. ఏ వరుసలో తప్పుండవచ్చో కూడా అలాగే నేర్చుకుంటారు. అంచనా గురి తప్పినా ముందు చెప్పిన భాగహారం ఉంది కనుక జవాబు ఒక పక్కకు ఒరగదు, దగ్గరికి చేరడం ఆలస్యమవుతుందంతే.

ఔషధ కంపెనీలు అమెరికా వైద్యులకు ఇచ్చిన చెల్లింపుల జాబితాతో సహా ఐదు డేటా సముదాయాలపై దీన్ని పరీక్షించారు. దిద్దే పరిమాణం పెంచకుండానే మోడల్ కచ్చితత్వాన్ని గరిష్ఠంగా 2.5 రెట్లు మెరుగుపరిచినట్టు చూపారు. పరిమితులూ ఉన్నాయి. లీనియర్ రిగ్రెషన్, ఎస్‌వీఎం వంటి కుంభాకార మోడళ్లకే (తప్పు లెక్క ఒకే గిన్నె ఆకారంలో ఉండేవాటికే) ఈ హామీ వర్తిస్తుంది, డీప్ లెర్నింగ్‌కు ఆ భరోసా లేదు. దిద్దే మనిషి సరిగ్గా దిద్దుతాడన్న నమ్మకం మీదే అంతా నిలిచి ఉంది.

మండల కార్యాలయంలోనో, చిన్న సంస్థలోనో తప్పుల జాబితా ముందేసుకుని కూర్చున్నవారు ఈ ప్రోగ్రాం వాడకపోయినా ఒక పని చేయవచ్చు. ఏ వరుసను ఏ అవకాశంతో ఎంచారో, దిద్దకముందు అందులో ఏముందో రాసి పెట్టుకోండి. అది రాసుకోకుండా దొరికినవి దొరికినట్టు దిద్దితే, ఆ తర్వాత ఎంత గొప్ప మోడల్ తెచ్చినా ఆ వంకరను సరిచేయడం కష్టం.