చంక దిగినవాడు

చంటిబిడ్డ ఉన్న ఇంటికి రాకపోకలు ఎక్కువ. పుట్టిన 3వ రోజు ఆశా కార్యకర్త వస్తుంది. మళ్లీ 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. బిడ్డను తూకం వేస్తుంది, బొడ్డు చూస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూస్తుంది, పాలు తాగుతోందా అని అడుగుతుంది. చుట్టాలు వస్తారు, ఇరుగుపొరుగు వస్తారు. అందరికీ గుమ్మంలోనే తగిలేది రెండున్నరేళ్ల మా పెద్దోడు. వాడి తల నిమిరి, వాణ్ణి దాటుకుని లోపలికి వెళ్తారు.

పోతూ పోతూ ఒక సరసం కూడా ఆడతారు. "మీ చెల్లిని మేం ఎత్తుకపోతాం, ఇస్తవా?" అని. మావాడు ఏమాత్రం ఆలోచించకుండా "తీస్కపోండి" అంటాడు. "గుడ్డలు గూడ తీస్కపోండి." అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను. ఇంకో సరసం ఉంది: "ఇగ మీ అమ్మ నిన్ను చూడదులే." ఇది మాత్రం నాకు మహా చిరాకు. రాత్రి దాకా వాడు నా కొంగు వదలడు. సరసమాడినవాళ్లు అప్పటికి వాళ్ల ఇంట్లో హాయిగా అన్నం తింటుంటారు.

పసిపిల్ల పని నాకు కొత్త కాదు. ఒకసారి చేసిన చేతులకు అది దానంతట అదే వచ్చేస్తుంది. చంకలో ఉన్నవాణ్ణి చంక దింపడం మాత్రం మొదటి కాన్పులో ఎవరూ నేర్పరు, నేర్పే వీలూ లేదు. భద్రాచలంలో కాన్పై ఇంటికి వచ్చిన రోజు వాడు నా దగ్గరికి రాలేదు. వాళ్ల నాయనమ్మ వెనక నిలబడి, చేతిలో మూటలా ఉన్నదాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ దాన్నే చూశాడు.

మా అత్తమ్మ ఆ వేళే ఒక మాట చెప్పింది. "ఇద్దరూ ఒక్కసారి ఏడిస్తే ముందు వాణ్ణి ఎత్తుకో అమ్మాయ్. దానికింకా తెలవదు, వీడికి తెలుస్తది." వినగానే ఇదేం లెక్క అనిపించింది. ఆకలితో గుక్కపట్టిన పసిదాన్ని పక్కన పెట్టి, బిస్కెట్ విరిగిందని ఏడ్చేవాణ్ణి ఎత్తుకోవాలా? కానీ ఆ ఎత్తుకోవడం నిమిషం పని. వాడు భుజం మీద ముక్కు తుడుచుకుని తనే జారి దిగిపోతాడు. ముందు దాన్ని తీసుకుంటే వాడి ఏడుపు పూట గడిచినా తెగదు.

నీళ్లు పోసే వేళ అసలు విద్య. పీట మీద అత్తమ్మ కాళ్లు చాపి కూర్చుంటుంది, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుంటుంది, నూనె పట్టించి నలుగుపిండి రుద్దుతుంది. కాగిన నీళ్లున్నచోట రెండున్నరేళ్లవాడు తిరగకూడదు. పొమ్మంటే పోడు. అందుకని వాడికి తువ్వాలు పట్టుకునే ఉద్యోగం ఇచ్చాం. గోడకు ఆనుకుని నిలబడాలి, తువ్వాలు నేలకు తగలకూడదు, పిలిచినప్పుడే రావాలి. ఉత్తుత్తి పని ఇస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు. వాడు తువ్వాలు తేకపోతే పిల్ల నిజంగానే తడిగా ఉండిపోతుంది, అది వాడు కళ్లారా చూస్తాడు. సాంబ్రాణి పొగ మాత్రం నేను పట్టనివ్వలేదు. పసి ఊపిరితిత్తులకు అది మంచిది కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అత్తమ్మ రెండు రోజులు ముభావంగా ఉండి, తర్వాత మర్చిపోయినట్టు నటించింది.

ఉయ్యాల దగ్గర మా తెలివి పారలేదు. చీర ఉయ్యాలకు తాడు కట్టి వాడి చేతికిస్తే గోదావరిలో పడవలా ఊపేశాడు. తాడు తీసేశాం. ఇప్పుడు పాట వాడిది, ఊపు నాది.

పాలిచ్చేటప్పుడు గోడకు ఆనుకుని కూర్చుంటాను. ఎడమ వైపు అది, కుడి వైపు వీడు, వీడి ముందు పళ్లెం. పెద్దోడి తిండి వేళలన్నీ చిన్నదాని పాల వేళలకు జరుపుకున్నాను. దీని వెనక ఒక భయం ఉంది. 1933లో, ఇప్పటి ఘనాలో పనిచేస్తున్న డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఒక జబ్బు గురించి రాశారు. తల్లికి మళ్లీ బిడ్డ పుట్టాక రొమ్ము మాన్పించి, మొక్కజొన్న జావ మీద పెంచిన పిల్లలకు కాళ్లూ చేతులూ ఉబ్బడం, చర్మం పెచ్చులూడటం ఆమె చూశారు. అదే క్వాషియోర్కర్. మన దేశంలో దాని మీద ఏళ్ల తరబడి పనిచేసింది డాక్టర్ సి. గోపాలన్. ఆయన నడిపిన పరిశోధనశాలే కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. బిడ్డ పుట్టిన ఇంట్లో జబ్బు పడింది పెద్దపిల్ల అన్న సంగతి నేను చదివిన రోజు నుంచి వాడి పళ్లెంలో గుడ్డు ఉందా లేదా అని రెండుసార్లు చూస్తాను.

అంగన్‌వాడీ ఈ విషయంలో ఇద్దరినీ గుర్తుపెట్టుకుంది. ఆరోగ్యలక్ష్మి పథకం కింద పిల్లకు ఆరు నెలలు వచ్చేదాకా బాలింతకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, గుడ్లు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిసిన ఆ పిండిని జావ కాస్తే మావాడు ముట్టడు. పొడిగానే బొక్కుతాడు, మూతి నిండా పూసుకుని చెల్లికి ముద్దుపెడతాడు. చిన్నదానికి ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దని వాడికి ఎలా చెప్పాలో తెలియక, ముందు మూతి కడుగుతున్నాను.

ఇప్పుడు మా వైపు మిరప కోతలు. ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి చేల గట్ల మీదే గుడారాలు వేసుకున్నారు. చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల, దాన్ని ఊపుతూ ఒక బుడ్డది. కోత ముగించుకుని వచ్చే తల్లిని ఎప్పుడైనా చూడండి. పరుగెత్తుకొచ్చే పిల్లను చూసి రెండు చేతులూ పైకెత్తుతుంది. మిరప మంట ఉత్త నీళ్లతో కడిగితే పోదు, నూనె రాసుకుని ఆ తర్వాత సబ్బుతో కడగాలి. అప్పటిదాకా చేతులు తగలకుండా మోచేతులతోనే దగ్గరకు తీసుకుంటుంది. కడుక్కున్నాక ఉయ్యాలలో ఉన్నదానికి పాలు. ఆకలి మీద ఉన్న ఇద్దరి మధ్య ఆ కాసేపు ఎలా నెట్టుకొస్తుందో నాకు అంతుబట్టదు. నాకు అత్తమ్మ ఉంది, ఆమెకు అక్కడ ఎవరూ లేరు.

వానాకాలంలో కనేవాళ్ల గొడవ ఇంకొకటి. గోదావరి పొంగితే మాకు భద్రాచలం దారి తెగుతుంది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 2022 జూలై 16న అక్కడ నీటిమట్టం 71.3 అడుగులకు వెళ్లింది. అందుకే నెలలు నిండుతున్నవాళ్లను ముందుగానే ఆసుపత్రులకు తరలిస్తారు. ఈ ఏర్పాటుతో ప్రాణాలు నిలుస్తాయి, వంక పెట్టను. కానీ తరలించేవాళ్ల జాబితాలో పెద్దపిల్లల పేర్లుండవు. అమ్మ ఎక్కడికి పోయిందో తెలియని రెండేళ్లవాడు కొన్ని రోజులు నాయనమ్మ దగ్గర ఉంటాడు, ఆపైన అమ్మ ఒక పిల్లను తీసుకుని వస్తుంది.

ఇక మా ఇంట్లో రాత్రి దోమతెర సంగతి. మా వైపు మలేరియా పాత చుట్టం కనుక తెర లేకుండా పసిపిల్లను పడుకోబెట్టరు. మందు పట్టించిన కొత్త తెరను ముందు నీడలో ఆరేయాలి, ఆ తర్వాతే కట్టుకోవాలి. మధ్యలో నేను, ఒక పక్క అది, ఒక పక్క వీడు. వాళ్ల నాన్న తెర బయట, పంకా కింద. వీడు నిద్రలో తన్ని తెర అంచు బయటకు తీస్తాడు, నేను మళ్లీ పరుపు కింద దోపుతాను. ఈ పని నిద్రలోనే చేయడం వచ్చేసింది.

ఆ మధ్య ఓ బుధవారం టీకాలకు ఇద్దరినీ తీసుకెళ్లాను. చిన్నదానికి ఆరో వారం సూదులు, రెండు తొడలకూ. మావాడికి విటమిన్ ఏ మోతాదు పడింది. ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకొకసారి ఇచ్చే ఆ చెంచా మందు వాడిది, చెల్లికి లేదు. అది గుక్కపట్టి ఏడుస్తుంటే వాడు నోరు తెరిచి చెంచా పుచ్చుకుని, "నాకు సూది లేదు" అని గదిలో ఉన్న ప్రతి తల్లికీ చెప్పి వచ్చాడు. కార్డు మీద నర్సమ్మ రాస్తుంటే, "నాది గూడ రాయి" అని బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వాడి కార్డు అడిగి తీసుకుని, ముందు వాడిదే రాసింది.