కన్యాశుల్కం: నాటకంలోని నవ్వు, చలనచిత్రంలోని పాట

వ్యాససంగ్రహం:
గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం 1955లో చలనచిత్రంగా వచ్చింది. హాస్యనాటకం పాటలున్న చిత్రంగా మారినప్పుడు, మూలంలో మాట దక్కని బాలికావధువు దుఃఖానికి చోటు లభించిందనీ, అయితే నాటకంలోని వ్యంగ్యం కొంత మెత్తబడిందనీ నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కన్యాశుల్కం, గురజాడ, అనువర్తనం, హాస్యం, చిత్రగీతం, పూర్ణమ్మ.

1. ఉపోద్ఘాతం:
కన్యాశుల్కం తొలికూర్పు 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. విస్తృతంగా మార్చిన మలికూర్పు 1909లో వెలువడింది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాల లెక్కను తొలికూర్పు ఆంగ్లపీఠికలో గురజాడ ప్రస్తావించారు. అంటే ఆనాటి ప్రేక్షకుడు తన చుట్టూ జరుగుతున్నదాన్ని చూసే నవ్వాడు. పి. పుల్లయ్య దర్శకత్వంలో వినోదా సంస్థ చిత్రం నిర్మించేనాటికి పరిస్థితి మారింది. వధువుకు కనీస వయసు 15 ఏళ్ళుగా నిర్ణయించిన హిందూ వివాహచట్టం ఆ సంవత్సరమే వచ్చింది. కన్యాశుల్కం వెనుకబడి వరకట్నం బలపడింది. సమస్య రూపం మారాక ఈ కథలో నవ్వవలసినదేది, బాధపడవలసినదేది అన్న ప్రశ్న చిత్రం ముందు నిలిచింది.

2. నాటకంలో కళ - వేషం:
నాటకంలో కళానైపుణ్యం తరచుగా మోసానికి పనిముట్టు. వితంతువుపై తాను రాసిన ఆంగ్లపద్యాన్ని వెంకటేశం ముందు చదివి గిరీశం తన గొప్పను స్థాపించుకుంటాడు; ఆ సానుభూతి బుచ్చమ్మ దగ్గర ఎలా పనిచేస్తుందో తర్వాత తెలుస్తుంది. కరటకశాస్త్రి స్వయంగా నటుడు. శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు వధువుగా అంటగడతాడు. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి కొనే వ్యాపారి సైతం సరుకు చూశాకే ధర పలుకుతాడు. లుబ్ధావధాన్ల చూపు బేరం మీదే ఉంది. మనిషి మీద లేదు.

పురుషులే స్త్రీపాత్రలు ధరించే రంగస్థలంపై ఈ వేషం మిగతా వేషాలలో కలిసిపోతుంది. సావిత్రి మధురవాణిగా, షావుకారు జానకి బుచ్చమ్మగా కనిపించే తెరపై అది వేషమని స్పష్టంగా తెలుస్తుంది. అందువల్ల గోవిందరాజుల సుబ్బారావు పోషించిన లుబ్ధావధాన్ల గుడ్డితనం రంగస్థల సంప్రదాయంగా కాక, పాత్ర స్వభావంగా తేలుతుంది. ఇక్కడ చిత్రం మూలవ్యంగ్యానికి బలం చేకూర్చింది.

3. చిత్రంలో పాట - దుఃఖం:
ఘంటసాల సంగీతంతో వచ్చిన ఈ చిత్రంలో గురజాడ ‘పూర్ణమ్మ’ గేయాన్ని చేర్చడం కీలకమైన మార్పు. నాటకంలో శుల్కానికి అమ్మజూపిన సుబ్బి కథకు కారణమే గాని పాత్రగా దాదాపు కనిపించదు. ఆమె పెళ్ళి తప్పిపోవడం వల్లనే ప్రేక్షకుడు నిశ్చింతగా నవ్వగలుగుతాడు. పూర్ణమ్మ పెళ్ళి తప్పలేదు. ముసలివానికి కట్టబెట్టిన ఆ బాలిక ప్రాణమే పోయింది. ఒకే సమస్యపై ఒకే రచయిత నవ్విస్తూ ఒకటి, ఏడిపిస్తూ ఒకటి రాయగా, చిత్రం ఆ రెంటినీ ఒకచోట చేర్చింది. తప్పిన ప్రమాదం ఎంతటిదో పాట గుర్తుచేస్తుంది.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని ‘అద్వైతం’ కవితను చేర్చడం వేరు. స్విన్‌బర్న్‌కు కృతజ్ఞతతో రాసిన ఆ కవిత నిష్కల్మషమైన ప్రేమోక్తి. ఆంగ్ల కవిత్వాన్ని ఆడంబరానికి వాడుకునే గిరీశం ఉన్న కథలోకి, ఆంగ్లకవి ప్రేరణతో పుట్టిన నిజమైన కవిత రావడం ఆసక్తికరం. కాని నాటకంలో ప్రేమభాష ఎక్కడ వినిపించినా అనుమానించడం ప్రేక్షకునికి అలవాటవుతుంది. పాట ఆ అనుమానాన్ని సడలిస్తుంది. గిరీశంగా ఎన్.టి. రామారావు ఆకర్షణ కూడా దీనికి తోడై, మోసగాడిపై తీర్పు వాయిదా పడుతుంది.

4. ముగింపు:
అనువర్తనాన్ని మూలవిధేయతతో మాత్రమే కొలిస్తే ‘పూర్ణమ్మ’ అదనపు చేర్పుగా మిగులుతుంది. నాటకంలో ఎవరికి మాట దక్కలేదన్న ప్రశ్నతో చూస్తే అదే చిత్రానికి సమర్థన అవుతుంది. ‘అద్వైతం’కు అంతటి అవసరం కనిపించదు. పాట నవ్వుకు విరామంగా వచ్చినచోట వ్యంగ్యం పలచబడింది. నవ్వు వెనుక దాగిన బాలికను చూపినచోట గురజాడ ఉద్దేశం నెరవేరింది. నాటకాధారిత చిత్రాల పరిశీలనలో పాటల సంఖ్య కన్నా ఈ తేడాను గుర్తించడం ముఖ్యం.