వెళ్లి చేసే యాన్సిబుల్, వచ్చి అడిగే పప్పెట్

కమలాపురం చుట్టుపక్కల ఇంజినీరింగ్ చదువుకు కొదవ లేదు. పులివెందులలో జేఎన్టీయూ కళాశాల, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారిది, ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. అయితే సర్వర్ల పని నేర్చుకోవాలనుకునే కుర్రాడు క్లౌడ్ ఖాతా తెరవబోతే కార్డు అడుగుతారు. ఇక మిగిలేది సొంత ల్యాప్‌టాప్, అందులో వర్చువల్‌బాక్స్, రెండు మూడు లినక్స్ మెషీన్లు. వాటిని తీర్చిదిద్దడానికి యాన్సిబుల్ మేలా, పప్పెట్ మేలా?

ల్యూక్ కానీస్ 2005లో తెచ్చిన పప్పెట్‌లో ప్రతి మెషీన్‌లోనూ ఒక ఏజెంట్ ఉంటుంది. అది అరగంటకోసారి సర్వర్‌ను 8140 పోర్ట్‌లో పలకరించి, తన పని కనుక్కుంటుంది. మైకేల్ డీహాన్ 2012లో విడుదల చేసిన యాన్సిబుల్ తానే ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లి, పని ముగించుకుని వచ్చేస్తుంది. ఏజెంట్ అక్కర్లేదని దాని గొప్ప. కానీ అవతల పైథాన్ ఉండాలి, కీ కుదరాలి, పోర్ట్ తెరిచి ఉండాలి. ఈ మాట ప్రచారంలో గట్టిగా వినిపించదు.

అసలు చిక్కు నెట్‌వర్క్‌లో ఉంది. వర్చువల్‌బాక్స్ మామూలు నాట్ అమరికలో ప్రతి మెషీన్‌కూ అదే చిరునామా: 10.0.2.15. లోపలి నుంచి బయటికి దారి ఉంటుంది, బయటి నుంచి లోపలికి ఉండదు. అంటే ఇక్కడ పప్పెట్ పద్ధతే సహజం. యాన్సిబుల్‌కు పోర్ట్ మళ్లించాలి. మెషీన్లను కట్టిపెట్టే వేగ్రెంట్ వాడితే 2222 తానే మళ్లిస్తుంది, కానీ రెండో మెషీన్‌కు ఆ అంకె మారిపోతుంది. ఇన్వెంటరీలో 2222 అని రాసిపెట్టుకున్నవాడు ఒక మెషీన్‌కు చేయాల్సిన పని ఇంకోదానికి చేస్తాడు.

అయితే పప్పెట్‌కు దక్కిన ఈ మేలు విండోస్ ల్యాప్‌టాప్‌లో నిలవదు. పప్పెట్ సర్వర్ విండోస్‌పై నడవదు కాబట్టి ఇంకో లినక్స్ మెషీన్ కావాలి, అది జావా హీప్‌కే 2 జీబీ అడుగుతుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అది పెద్ద కోత. యాన్సిబుల్ కూడా విండోస్‌పై నేరుగా నడవదు గానీ, ఒక చిన్న మెషీన్‌లో పెట్టి, హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లో మిగతావాటిని కలిపితే చాలు. పోర్ట్‌ల గొడవా తప్పుతుంది.

మెషీన్‌ను చెరిపి మళ్లీ కట్టినప్పుడు రెండూ మొరాయిస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ మారిందని కేకలేస్తుంది. నోన్-హోస్ట్స్‌లో ఆ మెషీన్ పాత వరుసలు తీసేస్తే సరి. చాలామంది ఆ తనిఖీనే ఆపేస్తారు, అది చెడ్డ అలవాటు. పప్పెట్‌లో పాత సర్టిఫికెట్‌ను సర్వర్‌లో తొలగించి, కొత్తదానికి సంతకం చేయాలి. రోజూ కూల్చి కట్టేవాడికి ఇది విసుగే.

ఇంట్లో సాధనకు యాన్సిబులే సరైనది. నెలల తరబడి ఆగకుండా నడిచే కళాశాల ల్యాబ్‌లో మాత్రం నా ఓటు పప్పెట్‌కు. దాని అదుపులో ఉన్న ఫైలును ఎవరైనా మారిస్తే, తర్వాతి అరగంటలో ఏజెంట్ సరిచేస్తుంది. యాన్సిబుల్ ఎవరైనా నడిపేదాకా కదలదు.