మూలసూత్రము: స్వయంసిద్ధమా? స్వీకృతమా?

ఏ శాస్త్రమునకైనను మొదట కొన్ని మూలసూత్రము లుండుననియు, తక్కిన సిద్ధాంతములు వానిపై నిలుచుననియు తఱచుగ వినుచుందుము. కాని యీ మూలసూత్రములను మనవారు 'స్వయంసిద్ధము' లనియు, 'స్వీకృతము' లనియు రెండు పేరులతో వ్యవహరించుచున్నారు. ఈ రెండును పర్యాయపదములు కావు. ఇతరసాధన మక్కఱలేకయే సత్యమైనది స్వయంసిద్ధము; విచారము సాగుటకై యొప్పుకొన్నది స్వీకృతము. ఈ భేదమును మఱచుటచే తత్త్వమునను, విజ్ఞానమునను, తుదకు మన సాహిత్యవిమర్శమునను గలిగిన చిక్కును విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ప్రతి విషయమునకును నిరూపణము కావలెనన్నచో, ఆ నిరూపణమునకు మఱియొక నిరూపణము కావలసివచ్చును. ఇది అనవస్థ. తిరిగి మొదటిదానినే యాధారముగ జూపినచో అది చక్రకదోషము. ఈ రెండింటిని తప్పించుకొనుటకై అరిస్టాటిల్ తన 'పోస్టీరియర్ అనలిటిక్స్' అను గ్రంథమున, నిరూపణమున కందని ఆదిసూత్రము లుండితీరవలెననియు, వానిని బుద్ధి సాక్షాత్తుగ గ్రహించుననియు చెప్పెను. మన దేశమున నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని'యందు ఈ విషయముననే తీక్ష్ణమైన ప్రశ్న వేసెను. ప్రమేయములు ప్రమాణములచే సిద్ధించుచో, ఆ ప్రమాణములు దేనిచే సిద్ధించును? అగ్ని తన్నును ఇతరములను ప్రకాశింపజేయునట్లు ప్రమాణములును స్వయముగ సిద్ధించునను సమాధానమును సైత మాతడు ఖండించెను. కావున స్వయంసిద్ధమను మాటను శంకించుట నేటి విజ్ఞానముతో బుట్టినది కాదు.

రేఖాగణితచరిత్ర ఈ శంకకు మంచి నిదర్శనము. క్రీ. పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ తన గ్రంథారంభమున నుంచిన యైదు సూత్రములకు గ్రీకుభాషలో 'ఐతేమ' యని పేరు. ఆ మాటకు 'కోరిక' యని యర్థము. అనగా, వీని నొప్పుకొనుడని ఆచార్యుడు పాఠకుని కోరుచున్నాడు. తరువాతి యుగములు ఆ కోరికను శాసనముగ జేసినవి. 1781లో వెలువడిన 'శుద్ధబుద్ధివిమర్శ'యందు కాంట్ ఆ రేఖాగణితమును అనుభవమునకు ముందే మానవబుద్ధి కనివార్యమైనదానిగ నెంచెను. ఐనను సమాంతరరేఖలకు సంబంధించిన ఐదవ సూత్రము తక్కిన నాల్గింటివలె సుబోధము గాదు. ప్రోక్లస్ మొదలు పెక్కుమంది దానిని నిరూపింపజూచి విఫలులైరి. తుదకు 1829లో లొబచేవ్‌స్కీయు, 1832లో బోయాయియు, ఒక రేఖకు వెలుపలనున్న బిందువు గుండ ఒకటికంటె నెక్కువ సమాంతరరేఖలు గలవని యొప్పుకొని, పూర్వాపరవిరోధము గానరాని వేఱొక రేఖాగణితమును నిర్మించిరి. 1854లో రీమాన్ దీనిని మఱింత విస్తరించెను. 1915లో ఐన్‌స్టీన్ తన గురుత్వాకర్షణసిద్ధాంతమునకు రీమాన్ గణితమునే పునాదిగ గొనెను. 1919 మే 29వ తేది సూర్యగ్రహణమున నక్షత్రకాంతి వంగుటను గొలిచిన ఖగోళజ్ఞులకు ఆతని గణనకు సమీపములైన ఫలితములు లభించెను. ఇందువలన యూక్లిడ్ తప్పుచెప్పెనని యనరాదు. సమతలమున ఆయన సూత్రము నేటికిని చెల్లును. కోరికను శాసనముగ జేసినవారిదే తప్పు.

ఈ వివేకమునకు గావలసిన పరిభాష మన న్యాయశాస్త్రమున గలదు. గౌతముడు సిద్ధాంతమును నాల్గు విధములుగ విభజించెను. సర్వశాస్త్రముల కంగీకృతమైనది సర్వతంత్రము. ఒక శాస్త్రమువారికి మాత్రమే సమ్మతమైనది ప్రతితంత్రము. ఏది సిద్ధించినచో ఇతరములును వెంట సిద్ధించునో అది యధికరణము. పరీక్షింపకయే యొకదాని నప్పటి కొప్పుకొని, దాని విశేషములను విచారించుట యభ్యుపగమము. శబ్దము ద్రవ్యమే యగుగాక, అది నిత్యమా, అనిత్యమా యని విచారించుట ఈ కడపటిదానికి వాత్స్యాయనుడు చూపిన యుదాహరణము. ఈ విభాగము వాదమునకై యేర్పడినదే కాని గణితమునకై కాదు. పోలికను మితముగనే గ్రహింపవలెను. ఐనను దీని వెలుగున చూచినచో, యూక్లిడ్ కోరినది అభ్యుపగమమనియు, కాంట్ దానిని సర్వతంత్రముగ నెంచెననియు, లొబచేవ్‌స్కీ అది ప్రతితంత్రమని చూపెననియు చెప్పవచ్చును.

మూలసూత్రములన్నియు ఒప్పుదలలే యైనచో ఎవరికి దోచినది వారు చెప్పవచ్చునా యని శంక కలుగును. అట్లు చెప్పరాదు. ఒకే ధర్మము ఒకే వస్తువునందు ఒకే కాలమున, ఒకే విధమున ఉండుటయు, లేకుండుటయు పొసగదను సూత్రమును అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్' నాల్గవ భాగమున చర్చించెను. దీనిని నిరూపింపలేము, కాని కాదనువాడు అర్థవంతమగు మాట యొక్కటి పలికినను దానిని వాడుకొన్నవాడే యగును. ఇట్టివి మిక్కిలి కొద్ది. తక్కినవానికి ఫలమే పరీక్ష. 1905లో ఐన్‌స్టీన్ కాంతివేగము స్థిరమను సూత్రమును గైకొన్నప్పుడు అది స్వయంసిద్ధముగ నెవరికిని దోపలేదు. 1687లో న్యూటన్ ఒప్పుకొన్న నిరపేక్షకాలమే సహజముగ దోచుచుండెను. పరీక్షలకు నిలిచినపిమ్మటనే క్రొత్తసూత్రము లోకసమ్మతమయ్యెను.

ఇక మన విమర్శము. కావ్యమునకు రీతి యాత్మయని వామనుడును, ధ్వని యాత్మయని ఆనందవర్ధనుడును, రసాత్మకమగు వాక్యమే కావ్యమని విశ్వనాథుడును చెప్పిరి. ఇవి ప్రతితంత్రములు. ఐనను మన వ్యాసములలో రసమే కావ్యాత్మయని మొదటి వాక్యముననే నిశ్చయించి, ఆ కొలతకు లొంగని శతకమును, జానపదగేయమును, వచనకవితను తక్కువజేయుట కలదు. మేమును పూర్వ మట్లు వ్రాసినవారమే. అందు కవితకు జరిగిన పరీక్ష యేమియు లేదు; మేము ప్రకటింపని యొప్పుదలయే తీర్పు చెప్పినది.

కావున పరిశోధకుడు తన మూలసూత్రమును మొదటనే ప్రకటించి, అది యే తెగకు జెందినదో తెలుపుట యావశ్యకము. యూక్లిడ్ వలె కోరినచో, పాఠకుడు ఒప్పుకొనుటకును, వేఱొక సూత్రముతో బయలుదేరుటకును స్వతంత్రుడగును. ఆ స్వాతంత్ర్యమును వాడుకొన్నవారివలననే రేఖాగణితము పెరిగినది.