నాబు వెనక మైనం

అటక మీది నుంచి పాత వాల్వు రేడియో దించిన ఇంట్లో జరిగేది ఎప్పుడూ ఒకటే. గుడ్డతో దుమ్ము తుడుస్తారు, పిల్లల్ని పిలుస్తారు, ప్లగ్గు పెట్టేస్తారు. ముప్ఫై ఏళ్లు మూలన పడి ఉన్నా చెడని సెట్టు ఆ అర నిమిషంలో చెడుతుంది. కరెంటు ముఖం చూడని ఫిల్టర్ కండెన్సర్‌లో అల్యూమినియం రేకు మీది సన్నని పొర అప్పటికే నీరసించి ఉంటుంది. ఒక్కసారిగా మూడొందల వోల్టులు మీద పడేసరికి షార్టవుతుంది. దాంతో రెక్టిఫైయర్ వాల్వు, దాని వెనకే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాయి. కండెన్సర్ ఇవాళ్టికీ బజారులో దొరుకుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు.

నేను పని నేర్చుకున్నది తెనాలిలో ఒక రేడియో మెకానిక్ దగ్గర. ఎవరు సెట్టు తెచ్చినా మాస్టారు ముందు అడిగే మాట, "ప్లగ్గు గాని పెట్టారాండీ?" లేదండీ అంటే ఆయన మొహం విచ్చుకునేది. ఆ పూటకి దాన్ని విప్పేవారు కారు. చుట్టూ తిప్పి చూసేవారు. వెనక కన్నాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవారు, కాలిన వార్నిష్ వాసన వస్తుందేమోనని. రిపేరు తెలిసినవాళ్లు ఊరికి నలుగురు ఉంటారు గాని విప్పడం తెలిసినవాళ్లు తక్కువ. నా చేతికి వచ్చిన సెట్లలో వయసు మీరి పాడైనవాటికంటే విప్పబోయి పాడుచేసినవే ఎక్కువ.

ముందు వెనక అట్ట. ఏళ్ల తరబడి వేడికి ఎండి అప్పడంలా ఉంటుంది, ఒక మూల పట్టుకుని లాగితే ముక్క చేతికొస్తుంది. చాలా సెట్లలో ఏ వాల్వు ఎక్కడో చెప్పే కాగితం దాని లోపలివైపునో, పెట్టె గోడకో అంటించి ఉంటుంది. అది పోతే దారి చెప్పేవాడు పోయినట్టే. స్క్రూ గాడిలో పేరుకున్న మట్టిని సూదితో గీకి, గాడి వెడల్పుకి సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి, ముందు కాస్త బిగించేవైపు తిప్పాలి. తుప్పు పట్టు వదిలిన చిన్న చప్పుడు వినిపించాక విప్పాలి. తీసిన స్క్రూలను డబ్బాలో పోయకూడదు. అట్టముక్క మీద సెట్టు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకోవాలి.

అసలు పరీక్ష నాబుల దగ్గర. స్క్రూడ్రైవర్ దూర్చి పైకెత్తితే బేకలైట్ పెట్టె అంచు పెంకులా ఎగిరిపోతుంది. నాబుకి పక్కన చిన్న కన్నం ఉందేమో చూడండి. ఉంటే లోపల గ్రబ్ స్క్రూ, అంటే తల లేని చిన్న స్క్రూ, ఉన్నట్టు. కన్నం లేకపోతే అది ఒత్తి ఎక్కించిన నాబు. పాత పంచె అంచు చింపి, నాబు వెనక సందులోంచి పోనిచ్చి, రెండు కొసలూ ముందుకు తెచ్చి సమంగా లాగితే వెన్నపూసలా జారి వస్తుంది. బలమంతా ఇరుసు వెంట తిన్నగా పడుతుంది గనక ఏదీ విరగదు.

కన్నం ఉండాలి గాని కనిపించడంలేదంటే వేలితో తడమండి. నున్నగా ఏదో పూడ్చి ఉంటుంది. అది మైనం. మురికి అనుకుని గీకి పారేసేవాళ్లున్నారు. కంపెనీ వాళ్లు కావాలని పోసిన మైనం అది. కొన్ని నగరాల్లో ఏ.సి.తో పాటు డి.సి. సరఫరా కూడా ఉన్న రోజుల్లో, రెండింటికీ పనికొచ్చేలా ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లు చేశారు. ఫిలిప్స్ వారి యూసీహెచ్ 42, యూఎల్ 41, యూవై 41 లాంటి వాల్వులు వాటికోసమే. వాటి ఫిలమెంట్లు పెళ్లిపందిరి సీరియల్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కటి పోతే అన్నీ ఆరిపోతాయి. అలాంటి సెట్లో మెయిన్స్ వైరు ఒకటి నేరుగా ఛాసిస్‌కే, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికే, కలుస్తుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ అంతా 230 వోల్టులు. నాబులోని ఆ ఇనప స్క్రూకీ అదే కరెంటు. స్టేషన్ తిప్పే వేలికీ దానికీ మధ్య ఉన్నది ఆ మైనపు చుక్కే.

నాబులు వచ్చాక అడుగున నాలుగు బోల్టులు. అవి విప్పి లాగేయడానికి లేదు. పెట్టెకి బిగించిన స్పీకర్ వైర్లు, డయల్ బల్బు వైర్లు చాలా పొట్టిగా ఉంటాయి. ఒక చేత్తో ఛాసిస్ పట్టుకుని, రెండో చేత్తో లోపల తడుముతూ జానెడు బయటికి తీసి, వైర్లకు గుర్తులు కట్టి, అప్పుడు టంకం విప్పాలి. స్పీకర్ కాగితం ముందు అట్ట అడ్డం పెట్టుకోవాలి, జారిన స్క్రూడ్రైవర్ మొన తిన్నగా వెళ్లేది అక్కడికే. తర్వాత స్పీకర్ కలపకుండా సెట్టు వేస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ముప్పు.

డయల్ గాజు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పని నేర్చుకుంటున్న కొత్తలో ఒక రిటైర్డ్ టీచరుగారి సెట్టు గాజును తడిగుడ్డతో లోపలివైపు తుడిచాను. మద్రాసు, ఢిల్లీ, సిలోన్ అక్షరాలన్నీ గుడ్డకి అంటుకొచ్చాయి. పేర్లు ముద్రించేది గాజు వెనకవైపే, ఆ రంగు ఏళ్లకి పొడి అయిపోయి ఉంటుంది. మాస్టారు తిట్టలేదు. "నువ్వే వెళ్లి ఆయనకి చెప్పు" అన్నారు. చెప్పాను. ఆయన ఆ ఖాళీ గాజు కేసి చాలాసేపు చూశారు. అప్పటినుంచి గాజు వెనకవైపు నా చేతిలో మెత్తటి పొడి కుంచె తప్ప ఇంకేదీ ఉండదు.

లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసి ఉన్నా కండెన్సర్లను రెసిస్టర్‌తో ఖాళీ చేసి మీటరుతో చూసుకోవాలి. వాల్వును ఊపకుండా నిలువుగా లాగాలి. కాళ్ల దగ్గర గాజు చిట్లితే గాలి దూరి, లోపలి వెండి మెరుపు పాలలా తెల్లబడుతుంది, ఇక దానికి మందు లేదు. స్టేషన్‌ని వేరుచేసి పట్టే ఐ.ఎఫ్. డబ్బాల్లోని స్క్రూలను ముట్టుకోకూడదు. వదులయ్యాయని బిగించినవాడు సెట్టుని చెవిటిదాన్ని చేస్తాడు.

పాత కాగితపు కండెన్సర్లు మార్చక తప్పదు. అవి లీకైతే ఔట్‌పుట్ వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతుంది. మాస్టారు పాత కండెన్సర్ గొట్టాన్ని సన్నసెగ మీద వేడిచేసి, లోపలిది తోసేసి, కొత్త చిన్న కండెన్సర్‌ని అందులో కూర్చి, ఆ గొట్టం మైనంతోనే మూసేవారు. ఎవరు చూస్తారండీ అని ఒకసారి అడిగాను. "రేపు విప్పేవాడు" అన్నారు. ఆ సెట్లు చేసినవాళ్లూ అతన్ని తలుచుకునే చేశారు. ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, ప్రతిదీ చేత్తో టంకం వేసిందే, ఒక్కటి పోతే ఒక్కటే మార్చుకోవచ్చు. ఇవాళ్టి స్పీకర్ డబ్బాలు జిగురు పెట్టి మూసి వస్తున్నాయి.

చివర్న సెట్టుకి వరసగా అరవై వాట్ల బల్బు కలిపి స్విచ్చి వేస్తాం. బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే భయం లేదు. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి. అర నిమిషానికి వాల్వులు వేడెక్కి, స్పీకర్లో సన్నని గుర్రు మొదలవుతుంది. ముల్లు 837 కిలోహెర్ట్‌జ్ దగ్గరికి తెస్తే విజయవాడ. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషన్ అది. కాసేపు విని, స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకి, నాబులు ఎక్కిస్తాం. గ్రబ్ స్క్రూ బిగించి, కొవ్వొత్తి వంచి ఆ కన్నంలో ఒక చుక్క మైనం పోసి, చల్లారేదాకా ఆగి, బొటనవేలితో నున్నగా రాస్తాం.