ఎంత కోయాలి? ఒకే ప్రశ్నకు రెండు జవాబులు

కుడి ఊపిరితిత్తిలో మూడు లంబికలు, ఎడమ దానిలో రెండు ఉంటాయని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఒక్కొక్క లంబికలో మళ్లీ కొన్ని ఖండాలుంటాయి. ప్రతి ఖండానికీ తనదైన శ్వాసనాళం, ధమని ఉంటాయి. కాన్సర్ సోకిన లంబికను మొత్తంగా తీసివేస్తే అది లోబెక్టమీ. ఒక ఖండాన్నే తీస్తే సెగ్మెంటెక్టమీ. ఖండాల హద్దులు చూడకుండా, కణితిని దాని చుట్టూ ఉన్న కొంత కణజాలంతో కోసి తీస్తే వెడ్జ్ రిసెక్షన్.

వీటిలో ఏది మేలు? 1995లో ఉత్తర అమెరికా వైద్యుల బృందం ఒకటి ఫలితాలు ప్రకటించింది. మూడు సెంటీమీటర్లకు మించని కణితులున్న 247 మందిని పరిశీలిస్తే, తక్కువ కోసినవారిలో జబ్బు అదే చోట తిరగబెట్టడం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. దాంతో లోబెక్టమీయే ప్రమాణమైంది.

2022లో జపాన్ నుంచి మరో జవాబు వచ్చింది. రెండు సెంటీమీటర్లకు మించని కణితులున్న 1,106 మందిలో, అయిదేళ్ల తరువాత సెగ్మెంటెక్టమీ గుంపులో 94.3 శాతం, లోబెక్టమీ గుంపులో 91.1 శాతం జీవించి ఉన్నారు. 2023లో వెలువడిన మరో అధ్యయనంలో వెడ్జ్ రిసెక్షన్‌నూ అనుమతించారు. 697 మందిలో, జబ్బు తిరగబెట్టకుండా అయిదేళ్లు బతికినవారు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం: 63.6, 64.1 శాతం.

అయితే 1995 నాటి జవాబు తప్పా? కాదు. అప్పటి రోగులు వేరు, కణితుల పరిమాణం వేరు. పెట్ స్కాన్ వాడుకలో లేని రోజులవి. ప్రశ్న ఒకటే అనిపించినా, అడిగింది వేర్వేరు రోగుల గురించి.

"తక్కువ కోతే మంచిది" అనే నిర్ధారణకూ తొందరపడరాదు. జపాన్ అధ్యయనంలోనే స్థానికంగా తిరగబెట్టడం సెగ్మెంటెక్టమీ తరువాత 10.5 శాతం, లోబెక్టమీ తరువాత 5.4 శాతం. మరి ఎక్కువమంది బతకడం ఎలా? లోబెక్టమీ గుంపులో ఈ ఊపిరితిత్తి కాన్సర్ కాని ఇతర జబ్బుల వల్ల మరణాలు ఎక్కువ. మిగిల్చిన ఊపిరితిత్తి వల్లనే ఈ మేలు జరిగిందని చెప్పడం తేలిక. కాని ఏడాది తరువాత శ్వాస సామర్థ్యంలో కనిపించిన తేడా 3.5 శాతమే. పరిశోధకులు ఆశించింది 10 శాతం. కనుక కారణం ఇంకా పూర్తిగా తేలలేదనే అనాలి.

మరొక మాట. ఈ ఫలితాలు చిన్న కణితికి, లింఫ్ గ్రంథులకు పాకని జబ్బుకు మాత్రమే వర్తిస్తాయి. మన దేశంలో చాలామంది రోగులు జబ్బు ముదిరాక వస్తారు. వారికి ఈ ఎంపిక అందుబాటులోనే ఉండదు.

ఇకపై ఏ చికిత్స గురించైనా "ఇది దానికన్నా మేలు" అని చదివినప్పుడు మూడు సంగతులు అడగండి: ఎవరిలో చూశారు? దేనితో పోల్చారు? మేలును దేనితో కొలిచారు, జబ్బు తిరగబెట్టడంతోనా, ఆయుష్షుతోనా, ఊపిరి బలంతోనా?