మూడు వరుసల్లో ఒక లిస్ట్

జేసన్ ఫైలును చదివి ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ రాసేవారికి ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. తమ కోడ్ రేపు ఎవరి ప్రోగ్రాములో నడుస్తుందో వారికి తెలియదు. ఆ ప్రోగ్రాములో ఉండబోయే ‘ఇన్‌వాయిస్’ క్లాసు, లైబ్రరీ కంపైలయ్యే నాటికి పుట్టనే లేదు. అయినా ఫైల్లో ఇన్‌వాయిస్‌ల వరుస కనబడితే, ఇన్‌వాయిస్‌లను మాత్రమే పట్టే లిస్ట్ తయారుచేసి ఇవ్వాలి. ఏదైనా పట్టే లిస్ట్ ఇస్తే అవతల దాన్ని అందుకునే ప్రాపర్టీ ఒప్పుకోదు.

సీ షార్ప్‌లో ఈ పనికి మూడు వరుసలు చాలు. లిస్ట్<> అనే అసంపూర్ణ టైపును తీసుకుని, మేక్‌జెనరిక్‌టైప్ అనే మెథడ్‌కు ఇన్‌వాయిస్ టైపును అందించడం మొదటి వరుస. అలా వచ్చిన టైపుతో యాక్టివేటర్ క్లాసులోని క్రియేట్‌ఇన్‌స్టన్స్‌ను పిలిచి ఆబ్జెక్టును పుట్టించడం రెండోది. ఆ ఆబ్జెక్టును ఐలిస్ట్ ఇంటర్‌ఫేస్‌గా కాస్ట్ చేసుకుని, యాడ్‌తో ఒక్కో అంశాన్నీ చేర్చడం మూడోది. చూడటానికి మామూలుగా ఉన్న ఈ మూడింటి వెనకా మంచి పనితనం ఉంది.

మొదటి వరుసలోని ఆ ఖాళీ కోణాల బ్రాకెట్లను చూడండి. లోపల టైపు పేరు లేకపోయినా లిస్ట్<> అన్నది రన్‌టైమ్ గుర్తించే అసలైన టైపే. డిక్షనరీకి రెండు టైపులు కావాలి కాబట్టి డిక్షనరీ<,> అని రాస్తాం. మధ్యలో కామా ఒక్కటే ఉంటుంది. ఇలాంటి టైపుతో నేరుగా ఆబ్జెక్టు చేయబోతే రన్‌టైమ్ ఎక్సెప్షన్ విసురుతుంది. టైపును నింపేటప్పుడు షరతులనూ తనిఖీ చేస్తుంది. నల్లబుల్<> విలువ టైపులనే తీసుకుంటుంది. దానికి స్ట్రింగ్ ఇస్తే మేక్‌జెనరిక్‌టైప్ అక్కడే ఆపేస్తుంది. కంపైలర్ కాపలా లేనిచోట ఆ కాపలాను రన్‌టైమ్ తనమీద వేసుకుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ మెథడ్ తిరిగిచ్చే టైపు. కోడ్‌లో మామూలుగా రాసిన ఇంట్‌ల లిస్ట్ టైపునూ, రిఫ్లెక్షన్‌తో, అంటే పై పద్ధతిలో, నడుస్తుండగా తయారుచేసిన ఇంట్‌ల లిస్ట్ టైపునూ పోల్చితే రెండూ ఒకటేనని జవాబు వస్తుంది. దొడ్డిదారిన వచ్చిన లిస్ట్ కాబట్టి తక్కువ రకం అనే మాటే లేదు. దాన్ని అందుకున్న కోడ్‌కు అది ఎలా పుట్టిందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇది దానంతటదే వచ్చిన సౌకర్యం కాదు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కేంబ్రిడ్జ్ శాఖలో ఆండ్రూ కెనెడీ, డాన్ సైమ్ కలిసి ఈ జెనరిక్స్ డిజైన్‌ను రూపొందించారు. 2001లో వారి పరిశోధనా పత్రం వచ్చింది. 2005లో, సీ షార్ప్ నడిచే డాట్‌నెట్ 2.0తో అది ప్రోగ్రామర్ల చేతికి అందింది. జెనరిక్స్‌ను కంపైలర్‌తోనే సరిపెట్టకుండా రన్‌టైమ్‌లోకి దించడం వారి నిర్ణయం.

అంతకు ఏడాది ముందు, 2004లో, జావా 5 మరో దారి పట్టింది. కంపైలర్ టైపులను సరిచూసి, ఆ తర్వాత చెరిపేస్తుంది. అందుకే జావాలో స్ట్రింగ్‌ల అర్రేలిస్ట్‌నూ ఇంటిజర్‌ల అర్రేలిస్ట్‌నూ క్లాసు అడిగితే రెండూ ఒకే జవాబిస్తాయి. ఫీల్డులు, మెథడ్‌ల ప్రకటనల్లో టైపు వివరాలు మిగిలినా, లిస్ట్ ఆబ్జెక్టుకు మాత్రం తన అంశాల టైపు తెలియదు. పాత కోడ్, పాత లైబ్రరీలు చెక్కుచెదరకుండా నడవాలన్న పట్టుదలతో చేసిన ఎంపిక అది. తన లక్ష్యం అది సాధించింది. డాట్‌నెట్ మాత్రం పాత కలెక్షన్లను అలాగే ఉంచి, పక్కన కొత్తవాటిని కట్టింది.

డాట్‌నెట్ ఎంపిక ఫలితం మెమరీలో కనిపిస్తుంది. 64 బిట్ల యంత్రంపై డాట్‌నెట్ పాత అర్రేలిస్ట్‌లో వెయ్యి ఇంట్‌లు పెడితే, ఒక్కోదానికి 24 బైట్ల ఆబ్జెక్టు, దాన్ని చూపే 8 బైట్ల రిఫరెన్స్ కలిపి దాదాపు 32,000 బైట్లు పడతాయి. ఇంట్‌ల లిస్ట్‌లో ఆ అంకెలకు 4,000 బైట్లు చాలు. మరి ప్రతి టైపుకూ వేరే మెషిన్ కోడ్ తయారైతే అది ఉబ్బిపోదా? ఇక్కడా చక్కటి సర్దుబాటు ఉంది. రిఫరెన్స్ టైపులన్నీ లోపల ఒకే సైజు పాయింటర్లు కాబట్టి స్ట్రింగ్‌ల లిస్ట్, ఇన్‌వాయిస్‌ల లిస్ట్ ఒకే మెషిన్ కోడ్‌ను పంచుకుంటాయి. విలువ టైపులకు మాత్రం అవసరం పడినప్పుడు విడిగా తయారవుతుంది.

ఇక మూడో వరుస. లైబ్రరీ రాసినవారికి ఇన్‌వాయిస్ అనే పేరు తెలియదు కదా, మరి యాడ్‌ను ఎలా పిలుస్తారు? అందుకే కొత్త లిస్ట్ పాత ఐలిస్ట్ ఇంటర్‌ఫేస్‌ను కూడా అమలు చేస్తుంది. మామూలుగా లిస్ట్ వాడేవారికి ఈ రెండో యాడ్ కనబడదు. ఇంటర్‌ఫేస్ ద్వారా వచ్చినవారికే దొరుకుతుంది. ఏ ఆబ్జెక్టునైనా తీసుకుంటుంది గానీ లోపల టైపును సరిచూస్తుంది. ఇంట్‌ల లిస్ట్‌లో స్ట్రింగ్ పెట్టబోతే, ఏ విలువ ఏ టైపుకు సరిపోలేదో చెబుతూ ఎక్సెప్షన్ విసురుతుంది. నల్ ఇస్తే అందుకు వేరే ఎక్సెప్షన్ ఉంది. ఇంట్‌ను ఈ దారిన పంపితే గుమ్మం దగ్గర దాన్ని ఆబ్జెక్టుగా చుట్టే బాక్సింగ్ ఖర్చు తప్పదు. లోపలికి వెళ్లాక మళ్లీ నాలుగు బైట్లే.

దీనికీ హద్దులున్నాయి. ప్రోగ్రామును ముందే పూర్తిగా మెషిన్ కోడ్‌గా మార్చే నేటివ్ ఏఓటీ పద్ధతి 2022లో డాట్‌నెట్ 7తో వచ్చింది. అందులో నడుస్తుండగా కొత్త కోడ్ పుట్టించే వీలు లేదు కాబట్టి, మేక్‌జెనరిక్‌టైప్ వాడితే బిల్డ్ సమయంలోనే హెచ్చరిక వస్తుంది. ముందుగా కోడ్ తయారుకాని విలువ టైపులతో అసలు చిక్కు వస్తుంది. టైపు ముందే తెలిసినచోట రిఫ్లెక్షన్ జోలికి పోకుండా నేరుగా రాయడమే మేలు.

డాట్‌నెట్ సోర్స్ ఇప్పుడు ఎవరైనా చదవగలిగేలా ఉంది. సీ షార్ప్ రాసేవారు ఒకసారి లిస్ట్ క్లాసు తెరిచి, ఐలిస్ట్ తరఫున ఉన్న ఆ యాడ్ మెథడ్‌ను చదవండి. పది పన్నెండు వరుసలే. కంపైలర్ ఇచ్చిన మాటను కంపైలర్ లేనిచోట కూడా నిలబెట్టడమెలాగో ఆ కాస్త కోడ్ చాలా పుస్తకాలకన్నా బాగా నేర్పుతుంది.